ఛార్జర్ ఎందుకు తీశానంటే

నవతక్కా,

నువ్వు ఫోనెత్తడం లేదు. అందుకే అబిడ్స్ పోస్టాఫీసులో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. బాపు కడచూపు నీకు దక్కకుండా వీడియో కాల్ మేమే కట్ చేశామని అనుకుంటున్నావు. "సూరత్ దవాఖానల పడున్న బిడ్డకు బాపు మొఖం గూడ సూపియ్యరా?" అని నువ్వన్న మాట తలచుకుని అమ్మ ఏడుస్తోంది.

మేం కట్ చేయలేదక్కా. నా లినక్స్ లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిస్తే చాలు, ఛార్జింగ్ మిగల్చడానికి మాటిమాటికీ వైఫైని ఆపేస్తోంది. నిన్న ఆ సెట్టింగ్ తీసేశాను, ఇప్పుడు తెగడం లేదు.

ఆ రోజు ఛార్జర్ తీయక తప్పలేదు. మన నాంపల్లి కిరాయి గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. బాపును పడుకోబెట్టిన ఫ్రీజర్ బాక్సును దానికే పెట్టాం.

"నవత అచ్చేదాక మీ బాపును గిట్లనే ఉంచుదాం బిడ్డా" అని అమ్మే ఆ బాక్సు తెప్పించింది.

నీ తమ్ముడు