రెండు చోట్లా ఫస్టే

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు జిమ్నాస్టిక్స్ నేర్పిన నా కూతురు లత విదేశీ పోటీలకు వెళ్లడం లేదు. మాదే అసలు సంఘమంటూ ఇక్కడ రెండు సంఘాలు కొట్టుకుంటున్నాయి. రెండూ విడివిడిగా సెలక్షన్స్ పెట్టాయి. రెండు చోట్లా లతే ఫస్ట్. అంతర్జాతీయ సమాఖ్య మాత్రం దేశానికి ఒక్క సంఘం మాటే వింటుందట. రెండు జట్ల పేర్లు వచ్చేసరికి రెండింటినీ పక్కన పడేసింది.

నిలదీస్తే, "జర ఓపిక పట్టమ్మా" అన్నాడు ఒక సంఘం పెద్ద.

"ఓపిక పడితే మీ కుర్చీ ఏడికీ పోదు సార్, నా బిడ్డ ఈడు పోతది" అన్నాను.

ఈ ఉదయం ఫిల్మ్‌నగర్‌లో లత హీరోయిన్‌కి డూప్‌గా నువ్వు నేర్పిన డబుల్ పల్టీ కొట్టింది. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

"మళ్లీ చేయాలి, అమ్మాయి మొహం కనపడింది" అన్నాడు డైరెక్టర్.