పొగమంచులో పెళ్ళికూత

ప్రియమైన షాద్లియా అక్కకి,

నీ కూతురి పెళ్ళికి రాలేను, కోపం తెచ్చుకోకు. ఆయన పోయి మూడు నెలలేగా. నాలుగు నెలల పది రోజుల విధవ గడువు తీరేదాకా గడప దాటకూడదంటాడు మరిది. ఊళ్ళో ఆడవాళ్ళంతా రేపు సాయంత్రమే మీ పట్నానికి బయల్దేరుతున్నారు. గుల్లలు తవ్వడానికి మిగిలేది ముసలి సలూహా, ఆవిడ కోడలు, నా బదులు నా కూతురు రెబెహ్. పదహారేళ్ళ పిల్ల ఆటు వేళ ఆ బురదలో అంత దూరం పోతుంటే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. వారం నుంచీ పొద్దున్నే పొగమంచు. మంచు దిగితే ఒడ్డున ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ, పెళ్ళిళ్ళలో వేసే ఆ జగరీత్ కూతలే వేసి దారి చూపాలి కదా. ఎల్లుండి నుంచి ఒడ్డున ఎవరుంటారు?

నీ చెల్లెలు,
మహబూబా

ప్రాణానికి ప్రాణమైన మహబూబాకి,

ఒక్క ముక్క రాసి, ఈ ఉత్తరం తెచ్చిన పడవతన్నే తిప్పి పంపు. రెబెహ్ ఇల్లు చేరిందా?

నిన్న పొద్దున పెళ్ళికూతురి పెట్టెలు మోసుకుని సముద్రం ఒడ్డున నడుస్తున్నాం. ఎదుటి మనిషి కనిపించనంత మంచు. మేం జగరీత్ వేస్తుంటే నీళ్ళ మీంచి బదులు కూత వచ్చింది. "చూశారా, మా చెల్లి అక్కణ్ణుంచే కూస్తోంది!" అని నేనే మురిసిపోయాను. అందరం ఇంకా గట్టిగా వేశాం. అది మళ్ళీ పలికింది, ఈసారి దగ్గరగా. మన రెండూళ్ళ మధ్య ఉన్న లోతు పాయ అప్పుడు గుర్తొచ్చింది. పోటు వేళ కూడాను. మా కూతే మీ ఒడ్డనుకుని గుల్లలకి పోయినవాళ్ళు అందులోకి నడిచొస్తున్నారు!

"నోళ్ళు మూయండి!" అని అరిచి డప్పు లాగేసుకున్నాను. పెళ్ళికొడుకు తల్లి ఊరుకుంటుందా? "ఇది పెళ్ళా, శవయాత్రా? ఏం అపశకునం తల్లీ నీ నోట!" అంది. ఆ మాట పడ్డాను. అందరం మూగగా నడిచాం. ఆ తర్వాత నీళ్ళ మీంచి ఏమీ వినిపించలేదు. మావాళ్ళు పడవలో వెతికినా ఎవరూ కనిపించలేదు. కూతలు మాన్పించి మంచే చేశానో, వాళ్ళకున్న ఒక్క దారీ తెంపేశానో తెలియడం లేదు. చాలా భయంగా ఉంది.

నీ షాద్లియా

ప్రియమైన అక్కకి,

రెబెహ్ బతికే ఉంది. ముగ్గురూ ఇల్లు చేరారు.

పాయలో నీళ్ళు ఛాతీదాకా వచ్చాయట. "పెళ్ళి సంగతే మర్చిపోయామే. కూత వినపడితే మన ఒడ్డే అనుకుని నడిచాం" అంటుంది సలూహా. మీరు ఆపేసేసరికి ఎటు పోవాలో తెలియక ఆగిపోయారు.

నిన్న మంచు దిగినప్పటి నుంచీ నేను గడప దాటి ఒడ్డునే ఉన్నాను. మగవాళ్ళు చేపల వేటకి పోయారు. కాలు విరిగిన మరిది ఒక్కడే గుమ్మంలో కూర్చుని నన్ను చూస్తున్నాడు. రేకు డబ్బా బాదాను, మీ కూతల్లో కలిసిపోయింది. మొగుడు పోయిన మూడు నెలలకే సంబరపు కూత వేస్తే లోకం ఏమంటుంది? నిజం చెబుతున్నాను అక్కా, బిడ్డ నీళ్ళలో ఉండగా కూడా ఆ మాటకే జడిసి పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. మీ వైపు సద్దుమణిగాక వేసిన భయం ఆయన పోయిన రోజు కూడా వేయలేదు. అప్పుడు నోరు తెరిచాను. గొంతు బొంగురుపోయేదాకా వేశాను.

ఆ కూత పట్టుకునే ఒడ్డెక్కి, రెబెహ్ బురదతోనే వాటేసుకుని, "నువ్వా అమ్మా? ఇంకెవరో అనుకున్నా" అంది.

మరిది మాట్లాడటం మానేశాడు. గడువు మొదటి రోజు నుంచి మళ్ళీ పట్టాలట. పడతాను. ఇవాళ పొద్దున మళ్ళీ మంచు దిగింది. రెబెహ్ ఇంట్లోనే నిద్రపోతోంది. అయినా వెళ్ళి ఒడ్డున నిలబడి కూత వేశాను. అవతల ఎవరున్నారో తెలియదు. ఎవరో ఒకరు ఉంటారు కదా, అక్కా.

నీ మహబూబా