నర్సు కోసం ప్రార్థన

కోడూరు,
8 ఆగస్టు 2001

మా మేరీకి,

అక్క రాస్తున్నాను. ఇంట్లో అందరం క్షేమం. నా మనసు ఒక్కటే క్షేమంగా లేదు.

పుస్తకం రాస్తున్న జర్మనీ ఆవిడ ఉత్తరం అందింది. మీ ఫిలిప్ అన్నయ్య చదివి అర్థం చెప్పాడు. కొత్త నాట్యం చరిత్రలో మన దేశం నుంచి అక్కడికి వెళ్ళి చదువుకున్నవాళ్ళకు ఒక అధ్యాయం ఉంటుందట. అందులో నీ మొదటి ఏడేళ్ళ సంగతి రాస్తారట. మొదటి ఏడాదంతా మీ టీచరు నీకు నిలబడటమే నేర్పారని కూడా ఉంది. "నిలబడటానికి జర్మనీ దాకా ఎందుకే అక్కా, మన బస్టాండు చాలదా?" అని ఫిలిప్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కింద వాక్యం మీదే ఉంది నా దృష్టి.

భాష రాని ఊళ్ళో, బందరులో నేర్చుకున్న నాట్యమంతా మరిచిపొమ్మన్న రోజుల్లో, కోడూరు సంఘం ప్రతి ఆదివారం నీ పేరు చదివి ప్రార్థించబట్టే నిలిచానని నువ్వు ఆవిడతో చెప్పావట. అది నిజమని ఇంటి పెద్దగా నన్ను రెండు మాటలు రాసి, సంతకం పెట్టి పంపమన్నారు. అచ్చు వేస్తారట.

మేరీ, ప్రార్థించిన మాట నిజమే. కానీ వాళ్ళు ప్రార్థిస్తున్నది ఒక నర్సు కోసం.

నువ్వు విమానం ఎక్కిన వారం, గుడి మెట్ల మీద అచ్చమ్మక్క అడిగింది: "పిల్ల నర్సు కోర్సుకేనా, వెళ్ళింది?" మనవాళ్ళ ఆడపిల్లలు దేశం దాటితే ఇంకెందుకు వెళ్తారు? నేను అవునని నోటితో అనలేదు. తల ఊపాను. ఆ పక్క ఆదివారం నతానియేలు అయ్యగారు ప్రార్థన మనవుల్లో చదివారు: "జర్మనీలో రోగులకు సేవ చేస్తున్న మన సహోదరి మేరీ." నేను ఆమెన్ అన్నాను. అప్పటి నుంచి అంటూనే ఉన్నాను.

ఎందుకంటావా? నువ్వు గజ్జెలు కట్టావని తెలిసిన రోజు పెద్దలు నాన్నను గుళ్ళో లేపి నిలబెట్టారు. నాన్న ఆ ఏడాదే పోయారు. ఆయన వంచిన తల నేను చూశాను. ఆ తర్వాత నువ్వు గజ్జెలు వదిలేశావనే సంఘమంతా అనుకుంది.

ఇంకొకటి కూడా ఉంది. అచ్చమ్మక్క తన బీపీ మాత్రల చీటీ తెచ్చి, మీ చెల్లిని అడుగు, ఇవి మంచివేనా అంది. చీటీ బైబిలులో పెట్టుకున్నాను. నెల పోయాక "మంచివేనట" అన్నాను. ఆ రోజు మోకరించకుండానే పడుకున్నాను.

ఇప్పుడు సంతకం పెడితే నా అబద్ధం నీ చరిత్రలో అచ్చవుతుంది. చెబితే ప్రభు బల్లకు, ఆ రొట్టె ద్రాక్షారసాలకు, దూరం పెడతారు. ఇంటింటికీ బైబిలు చదవడానికి వెళ్ళే ఈ పని పోతుంది. యాభై రెండేళ్ళకు నాకు ఈ పని తప్ప ఏముంది? ఆదివారం ఇంకా నాలుగు రోజులే.

నీ అక్క,
ప్రేమమ్మ

కోడూరు,
27 ఆగస్టు 2001

చెల్లీ మేరీ,

చెప్పాను.

పన్నెండో తేదీ ఆరాధనలో, అయ్యగారు మనవుల కాగితం తీయకముందే లేచాను. ఎక్కువ మాట్లాడలేదు. "మా మేరీ నర్సు కాదండీ. డాన్సు చేస్తుంది. నాకు మొదటి నుంచీ తెలుసు."

అచ్చమ్మక్కే ముందు తేరుకుంది.

"మరి నా మాత్రలో?"

"నేనెవర్నీ అడగలేదు అక్కా."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నీ మాట నమ్మి ఇన్నేళ్ళూ అవే మింగుతున్నానే! పైగా మోకాళ్ళు అరిగేలా ప్రార్థనలు! అవి ఏ ఆస్పత్రికి పోయినట్టే?"

వెనక బెంచీల్లో నవ్వారు. ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మర్నాడు ఫిలిప్ ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మాత్రలు సరైనవేనట. నా తప్పు దాంతో తగ్గదు.

మూడు నెలలు బల్లకు దూరం. ఇళ్ళకు వెళ్ళే పని తీసేశారు. అయ్యగారు కోపంగా చెప్పలేదు, బాధగా చెప్పారు. అది ఇంకా కష్టంగా ఉంది.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. పంతొమ్మిదో తేదీన మనవుల్లో నీ పేరు చదవలేదు. ఏడేళ్ళలో మొదటిసారి. నా శిక్ష నీ మీద పడిందేమో అనుకున్నాను.

నిన్న ఆరాధన అయ్యాక వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చున్నాను. మీ వదిన వచ్చి పక్కన మోకరించి, నీ పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టింది. కాసేపటికి అచ్చమ్మక్క. నాతో మాటలు మానేసిందిగా, గోడ వైపు చూస్తూ అడిగింది: "డాన్సు చేసేవాళ్ళకి ఏం అడగాలంట దేవుణ్ణి?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు మేరీ. ఏడేళ్ళలో నేను నిన్ను అడగనే లేదు. "అయితే రాసి కనుక్కో. ఈసారైనా అడుగు," అంది.

అందుకే అడుగుతున్నాను. నువ్వు చేసేదేమిటో, అందులో దేనికి భయపడతావో రాయి.

వాళ్ళు అడిగిన మాటలు కింద రాశాను. అచ్చు వేయించడమో చింపేయడమో నీ ఇష్టం.

"ఏడేళ్ళు మా సంఘం ఒక నర్సు కోసం ప్రార్థించింది. నా చెల్లెలు నర్తకి. ఆ అబద్ధం నాది. నర్తకి మేరీ కోసం ప్రార్థన 2001 ఆగస్టు 26న మొదలైంది. ప్రస్తుతం ముగ్గురం."

ప్రేమమ్మ