గీత జారిన క్షణం

ప్రియమైన మీకు,

కొండ మీద సెల్ టవరు ఇంకా బాగుపడలేదు. అందుకే ఈ ఉత్తరం సీలేరు బస్సు కండక్టరు భీముడి చేతికిస్తున్నాను. మనసు ఒకచోట నిలవడం లేదు. ఆసుపత్రిలో నా నర్సు డ్యూటీలోనే, పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మరు మళ్ళీ దానంతటదే ఆగిపోయింది. బటన్ నొక్కితే గానీ పనిచేయలేదు. లోపల యర్రమ్మ బిడ్డ, అరచేతిలో ఇమిడేంత పిల్ల. ఫోను చార్జింగు కోసం ఆయా కనకే ప్లగ్గు పీకుతోందని డాక్టరుగారి అనుమానం. శుక్రవారంలోగా తేలకపోతే ఆమెను తీసేస్తారట. "నానెందుకు పీకుతానమ్మా, నాకూ పిల్లలున్నారు" అని ఏడ్చింది. నాకూ కొంచెం సందేహమే.

కరెంటు హెచ్చుతగ్గుల్ని గీతగా చూపిస్తుందని మీరు పంపిన ఆసిలోస్కోపు ముందే కూర్చున్నాను. వార్మరు ఆగింది, బిడ్డను చూసుకుని ఇటు తిరిగితే తెర మీద గీత తిన్నగానే ఉంది. ఇదేం పరికరమండీ?

మీ కృప

*

ప్రియమైన కృపా,

దాన్ని తిట్టకు, ఆటో మోడ్‌లో ఉంచావు. స్కోపు ఎడమ నుంచి కుడికి గీత గీస్తూనే ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది ట్రిగ్గర్. ఊగే ఉయ్యాల ఎడమ కొసకు వచ్చినప్పుడే కళ్ళు తెరిచి చూస్తే, అది నిలబడినట్టే ఉంటుంది కదా? ట్రిగ్గర్ కుదిరితే పరుగెత్తే గీత కూడా అలాగే నిలబడుతుంది. ఆటోలో మాత్రం ఏమీ జరగకపోయినా గీస్తుంది, పాతది చెరిపేస్తుంది. నువ్వు ఇటు తిరిగేలోపు పడిన గీత పోయింది.

వార్మరు లోపలి బోర్డుకు అందేది పన్నెండు వోల్టులు, మొదటి వైరు అక్కడ తగిలించు. ట్రిగ్గర్ లెవల్ పది దగ్గర పెట్టు. స్లోప్ కిందికి, మోడ్ సింగిల్. అంటే పైనుంచి జారుతూ పదిని దాటితేనే పట్టుకోమని. అప్పటిదాకా తెర ఖాళీగా ఉంటుంది, కంగారుపడకు. ఒక్కసారి పట్టి ఆగిపోతుంది, అంతకు ముందు జరిగింది కూడా చూపిస్తుంది.

రెండో వైరు నేను పంపిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెను వేరే ప్లగ్గులో పెట్టి దానికే తగిలించు, గోడ కరెంటుకు నేరుగా వద్దు. రెండో గీత చెదరకుండా మొదటిది పడితే ప్లగ్గు పీకినట్టు. రెండోదే ముందు ఊపు తగ్గి సన్నబడితే తప్పు బయటి లైనుది.

మామయ్య షెడ్డులో కాఫీ పండ్ల తొక్క తీసే మిషను బాగా తిరుగుతోందా? ఆసుపత్రి స్తంభం నుంచి నేను లాగిన తీగ గట్టిగానే ఉందా?

నీ ధనుంజయ్

*

ప్రియమైన మీకు,

ఖాళీ తెర ముందు కూర్చోవడం నా వల్ల కావడం లేదు. అన్నం సయించదు. వార్మరు ఆగకూడదని దేవుణ్ణి వేడుకుంటాను, ఆగకపోతే కనక గతేమిటని భయపడతాను. ఆమెను లోపలికి రానివ్వడం లేదు. గుమ్మంలో నిలబడి నా ముఖమే చూస్తోంది. మిషను సంగతి నాన్ననే అడగండి, నాకు తీరిక లేదు.

మీ కృప

*

ప్రియమైన మీకు,

పట్టింది. రెండో గీత ముందు సన్నబడింది, తర్వాతే పన్నెండు జారింది. అదే క్షణంలో పక్క షెడ్డులో మోటారు మూలుగు వినిపించింది. పరుగెత్తాను. నాన్న తొట్టి నిండా పండ్లు పోసి మిషను వేస్తున్నాడు. బిడ్డను యర్రమ్మ గుండెలకు హత్తుకుని ఉండగా, అలాగే మళ్ళీ వేయించి చూశాను. మళ్ళీ అదే గీత.

మీరు లాగిన తీగేనండీ. మీ మీద, నాన్న మీద, నా మీద కూడా కోపం వచ్చింది. డాక్టరుగారికి గీత చూపించి మీ ఇద్దరి పేర్లూ చెప్పేశాను. కనక ఉద్యోగం నిలబడింది.

నాన్న నాతో మాట్లాడడం లేదు. కోసిన పండ్లు బుట్టల్లో పులుస్తున్నాయి. కనకే వెళ్ళి ఆయన పక్కన కూర్చుని చేత్తో నలుపుతోంది. "అల్లుడు ఏసిన తీగ అల్లుడే ఇప్పాలి, బేగి రమ్మను" అని ఆమెతో అన్నాడట.

కవరులో బరువుగా తగిలేది ఆ మిషను ఫ్యూజు. మీరు వచ్చి వేరే స్తంభం నుంచి తీగ లాగాకే దాన్ని పెట్టండి. ఈసారి పీకింది నేనే.

మీ కృప