కొత్తామె చేసిన టర్కీ రెక్కలు

వదినా,

ఇందుమూలంగా వదినగారికీ, వారి చెల్లెలి ఇంట్లోని సమస్త జనానికీ తెలియజేయడమేమనగా: మన బస్సు డిపో క్యాంటీన్‌లోని పెద్ద గరిటె పిడి ఈ మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు ఊడిపోయినది. సంతాప సూచకంగా టీ పది నిమిషాలు ఆలస్యమైనది. సదరు పిడిని మళ్ళీ బిగించే హక్కు టైర్ల మేస్త్రీకి తప్ప ఇతరులెవరికీ లేదని ప్రకటించడమైనది.

నవ్వావా? నవ్వకపోతే నీ ఖర్మ. ఫోన్ చేస్తే ఎత్తవు. ఉత్తరమైతే చింపేముందు ఒక్కసారైనా చదువుతావని రాస్తున్నాను. నా అక్షరాలు కోడి గీరినట్టున్నాయని అనకు. ఏడో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి, ఇంతకంటే ఎలా రాస్తాను?

నువ్వు వెళ్ళి ఇరవై రోజులైంది. పెద్దాఫీసరు భోజనానికొచ్చిన రోజు సూపులో ఉప్పుకి బదులు పంచదార పడింది, నిజమే. మేనేజరు నలభైమంది డ్రైవర్ల ముందు నీ మీద అరిచాడు, అదీ నిజమే. అంతమాత్రానికే "నాకు మతి తప్పుతోందిరా, ఇక నా చేతిని నేనే నమ్మను" అని ఏప్రాన్ విప్పి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోవడమేమిటి? అన్నయ్య పోయాక పన్నెండేళ్ళు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డదానివి. ఒక్క గిన్నెడు సూపుకి ఇంత శిక్షా?

సరే, నీ ఇష్టం. నీ చోట కొత్తామె వచ్చింది. వదినా, ఏం చెప్పను, నా ప్రాణం తోడేస్తోంది. బంగాళాదుంప చెక్కు తియ్యమంటే గోళీకాయంత మిగులుస్తుంది. నన్ను "పెద్దాయనా" అని పిలుస్తుంది. నాకేం వయసని?

గురువారం టర్కీ కోడి రెక్కలు పెట్టాలి కదా. మన డబ్బాలన్నీ ఒకటే రకం, ఒకటే ఎత్తు. మూతకి కట్టిన దారం రంగు చూసే పన్నెండేళ్ళు నెట్టుకొచ్చాం. ఎర్రదారం రొట్టెపొడి, పచ్చదారం తీపి చక్రాల పొడి. అవే వదినా, పొద్దున పాలల్లో వేసుకోవడానికని మేనేజరు ఎగబడి తెచ్చిన పిల్లల తిండి, గులాబీ రంగూ ఊదారంగూ ఆకుపచ్చా, ఎవరూ తినకపోతే పొడి కొట్టి దాచాం. ఈ మహాతల్లి రెక్కల్ని గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి అనుకుని ఆ తీపి పొడి అద్దింది. పన్నెండు ట్రేలు!

ఓవెన్లో పంచదార మాడి బయటంతా తారురోడ్డు, లోపల ఊదారంగు. టైర్ల మేస్త్రీ ఒక రెక్క చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "దీన్ని నేను తినాలా, ముందు చక్రానికి బిగించాలా?" అన్నాడు. పొడుగు డ్రైవరు కొరికాడు. అతని కట్టుడు పన్ను రెక్కకి అతుక్కుపోయింది. పన్ను పట్టుకుని ఒకడు, రెక్క పట్టుకుని ఇంకొకడు, బస్సు బయల్దేరే టైము దాటిపోయేదాకా లాగారు.

ఇదీ వదినా మన వంటింటి పరువు. వెంటనే బస్సెక్కి వచ్చి ఈమెని తరిమెయ్. నా వల్ల కావడం లేదు.

ఇట్లు,
పిడిలేని గరిటెతో మిగిలిపోయిన
నీ మరిది


వదినా,

నీ పార్సిల్ ముట్టింది. అసలు నీకు కోపమనేదే లేదా?

నీ పొయ్యి దగ్గర ఎవరో నిలబడి నీ రెక్కల్ని తారు చేసిందంటే చీర బిగించుకుని వస్తావనుకున్నాను. నువ్వేమో ఆమెకి నీ ఏప్రాన్ ఉతికి, ఇస్త్రీ చేసి, జేబులో కాగితం కూడా పెట్టి పంపించావు! ఇన్నాళ్ళుగా నాకొక్క ముక్క రాయనిదానివి, మొహం తెలియని మనిషికి రెండు పేజీలు రాస్తావా? ఆ కాగితాన్ని నేను నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది.

"అమ్మాయీ, మా మరిది మాటలు పట్టించుకోకు. నోరే అంత, మనసు మంచిది. రెక్కల్ని ముందు మూతపెట్టి గంటన్నర మగ్గనివ్వు, గట్టి మాంసం. ఏ పొడైనా అద్దేముందు చిటికెడు నాలిక మీద వేసుకుని చూడు. నేనలా చూసుకోక సూపులో పంచదార పోశాను. నాకైతే వయసు మీదపడి మతి తప్పింది. నీది కొత్తచోటు, తడబాటు అంతే. భయపడకు."

ఏం మనిషివి వదినా నువ్వు! ఎవరు అడిగారు నిన్నీ మంచితనం? కింద నాకంటూ రాసింది రెండే లైన్లు. ఇక రానట. సోమవారం నుంచి అక్కడి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికి ఒప్పుకున్నావట. "దుప్పట్లలో ఉప్పూ పంచదారా ఉండవుగా" అట.

ఈ లోకంలో నీ చేతికి దుప్పట్లే దొరికాయా? ఎవరు చెప్పారు నీకు మతి తప్పిందని? ఇక రాయలేను.

నీ మరిది


వదినా,

నిన్న పోస్టులో వేసిన ఉత్తరం అందితే పక్కన పడెయ్. ముందు ఇది చదువు. సోమవారంలోగా అందాలని మీ ఊరు బస్సు తోలే పొడుగు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నా మాట మీద నమ్మకం లేకపోతే ఎదురుగా ఉన్న అతన్నే అడుగు.

నీకు మతి తప్పలేదు. ఉప్పు డబ్బా దారం విప్పి పంచదార డబ్బాకి, దాని దారం దీనికి కట్టింది నేను. మేనేజరు పదకొండింటికి తాగే కాఫీలో ఉప్పు పడాలని నా ఎత్తు. కాఫీ కలిపేది నువ్వే కదా, నీ చేత్తోనే పడుతుందనుకున్నాను. ఆరోజు పెద్దాఫీసరు వస్తాడని, సూపు ముందు పొయ్యెక్కుతుందని నాకేం తెలుసు? మేనేజరు అరుస్తున్నంతసేపూ నేను గిన్నెల వెనక వంగి నవ్వాపుకుంటున్నాను. నువ్వు "నా చేతిని నేనే నమ్మను" అన్నాక ఆ నవ్వు ఆగిపోయింది. అప్పుడే "నేనే వదినా" అని ఉండాలి. అనలేదు. ఉద్యోగం పోతుందని భయం. నువ్వు నాలుగు రోజుల్లో మర్చిపోయి వచ్చేస్తావని ఆశ. చేసింది ఆటే, కానీ దాచింది ఆట కాదు, పిరికితనం. ముద్ద దిగడం లేదంటే నమ్మవు, దిగుతూనే ఉంది, రుచే తెలియడం లేదు.

ఈరోజు పొద్దున మేనేజరు గదికి వెళ్ళి చెప్పేశాను.

"నువ్వా?"

"నేనేనండి."

"నువ్వసలు మనిషివేనా?"

"అప్పుడప్పుడూనండి."

కుర్చీలోంచి లేచాడు, కొడతాడేమో అనుకున్నాను. వెళ్ళి కిటికీ తలుపు మూసొచ్చాడు. తర్వాత, "ఆవిణ్ణి రమ్మను. ఆ నలభైమంది ముందే నా మాట నేను వెనక్కి తీసుకుంటాను. నువ్వు మాత్రం మూడు నెలలు పొయ్యి ముట్టుకోకు, గిన్నెలు తోము" అన్నాడు. ఒప్పుకున్నాను. ఈ కాగితం మీది మరకలు సబ్బునీళ్ళవి, ఏడ్చాననుకుని మురిసిపోకు.

ఇంకొకటి ఉంది, అదీ కక్కేస్తాను. ఒక జత దారాలు మార్చితే సరదా తీరక ఆరోజు రెండు జతలు మార్చాను. సూపు గొడవయ్యాక హడావిడిగా ఉప్పూ పంచదారా సర్దేశాను. రొట్టెపొడీ తీపి చక్రాల పొడీ మాత్రం మర్చిపోయాను. నువ్వు నాలిక మీద వేసుకుని చూడమన్నావే, అది చేతకాక, కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాణ్ణయిపోతానని పంతం పట్టి, పన్నెండు ట్రేలకీ ఆ రంగుల పొడి అద్దింది నేను. నన్ను "పెద్దాయనా" అంది టైర్ల మేస్త్రీ.

ఏప్రాన్ డ్రైవరు చేతే తిరిగి పంపుతున్నాను, దాన్ని ఇక్కడెవరికీ ఇవ్వలేను. నీకు ఒళ్ళుమండి పరిగెత్తుకొస్తావని అల్లాను గానీ, నీ చోటికి ఎవరూ రాలేదు వదినా. కొత్తామె అనే మనిషే లేదు.

నీ మరిది