గోతాల దగ్గు

మార్చి 24
యూనివర్సిటీ పిల్లలందరినీ ఇళ్ళకు పంపేసింది. ఒక్క పూటలో ఖాళీ చేయమన్నారట. చేతికందిన బ్యాగు పట్టుకుని పోయారు పాపం. ఇక మా ఆయన ఊడ్చే హాస్టలు కరోనా క్వారంటైన్ కేంద్రమట. గదుల్లో మిగిలిన సామాన్లు మూటలు కట్టే పని ఆయనకు, ఇంకో ఇద్దరు కాంట్రాక్టు వాళ్ళకు. పర్మినెంటు వాళ్ళకు సెలవు.
జాగ్రత్తల మీద పెద్ద మీటింగు అయిందట. కమిటీలు కూడా వేశారట. మూటలు కట్టేవాళ్ళకు గుడ్డముక్క ఇవ్వాలని ఒక్క కమిటీకీ తోచలేదు. నా పాత చీర చింపి మాస్కు కుట్టాను.

మార్చి 26
కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఒకటే దగ్గు. అత్తమ్మ హడలిపోయింది. నేను చొక్కా వాసన చూశాను... మిరప ఘాటు. నాలుగేళ్ళుగా కళ్ళంలో కాయలకు తొడిమలు తీస్తున్నాను, నాకు తెలియదా.
మూటలకు సంచులు కొనకుండా మార్కెట్ యార్డు నుంచి మిరపకాయల పాత గోతాలు తెప్పించారట. దులపనైనా దులపలేదు. పిల్లల దుప్పట్లు, పుస్తకాలు అన్నీ వాటిలోనే.
దులిపి ఇమ్మని అడగకపోయావా అన్నాను. ఎవరిని అడిగేది, అని ఊరుకున్నాడు. మా ఇద్దరికీ ఇదే రోగం.

మార్చి 27
ఇంటికి రాలేదు. గేటు దగ్గర వార్డెన్ గారి ముందు దగ్గాడట. దగ్గినవాళ్ళను లోపల ఉంచాలని కాగితంలో ఉందట — ఉంచేశారు. మొన్నటిదాకా తాను ఊడ్చిన హాస్టల్లోనే, బస్సుల్లో తెచ్చిన అనుమానం కేసులతో పాటు. అంతస్తు మొత్తానికి ఒకటే బాత్రూము. లేని జబ్బు అక్కడ అంటుకుంటే?

మార్చి 28
గేటు దాకా వెళ్ళాను. వార్డెన్ గారు బల్ల వేసుకుని కూర్చున్నారు. మాస్కు గడ్డం కింద. ఏంటమ్మా అన్నారు. నోరు పెగల్లేదు. తిరిగొచ్చాను.
అత్తమ్మ ఊరుకుంటుందా — "ఇంట్లో పిల్లి మీద అరుస్తావు. అక్కడికెళ్తే మూగదానివైపోయావేంటే?"
చదివింది అయిదు. ఆ బల్ల చూస్తే బడిలో నిలబెట్టినట్టే ఉంటుంది నాకు.

మార్చి 29
పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

మార్చి 30
మళ్ళీ వెళ్ళాను. చెప్పాను — అది గోతాల దగ్గండి, జబ్బు కాదండి.
"నువ్వేమన్నా డాక్టరువా అమ్మా?" అన్నారు వార్డెన్ గారు. పక్కన వాచ్‌మన్ నవ్వాడు.
ఆ నవ్వుకి ఒళ్ళు మండింది. మిగిలిన గోతాలు గేటు పక్కనే కుప్పగా ఉన్నాయి. ఒకటి లాగి, బల్ల ముందు రెండు చేతులా దులిపాను. వాచ్‌మన్ దగ్గాడు. వార్డెన్ గారు కుర్చీ వెనక్కి తోసి మరీ దగ్గారు, కళ్ళు తుడుచుకుంటూ. నాకు రాలేదు. అలవాటు.
"మీరూ దగ్గారు కదండీ. మీరూ లోపలికి పదండి."
అన్నది నేనేనా.
దగ్గు ఆగాక వార్డెన్ గారు చెప్పారు. రేపు విడిగా గది ఇస్తారట, పరీక్ష చేయిస్తారట, ఏమీ లేదని వస్తే పంపిస్తారట. పొరపాటైందని మాత్రం అనలేదు. ఆ గోతాలు ఎవరు తెప్పించారో అదీ చెప్పలేదు.

ఏప్రిల్ 2
మా ఆయన ఫోను చేశాడు. గది ఇచ్చారట. రిపోర్టు రాలేదు. వాచ్‌మన్ అంతా చెప్పాడట — "వార్డెన్‌నే లోపలికి పదమన్నావంటగా?" అని నవ్వాడు. నవ్వినా దగ్గు రాలేదు. పూర్తిగా పోయిందట.
పొద్దుటి నుంచి ఒళ్ళు మాత్రం కాలుతోందట.
మిరప ఘాటుకు జ్వరం రాదు.