ఇద్దరు రాజయ్యలు

మంగళవారం రాత్రి

నాన్నకు ఆపరేషన్ జరుగుతుంటే దవాఖాన వరండాలో కూర్చుని ఫోన్‌లో ఒక సైన్స్ ఫిక్షన్ కథ చదివాను. అందులో ఒక గ్రహం మీది జీవులన్నిటికీ ప్రాణం ఒక్కటే. ఒకరికి దెబ్బ తగిలితే అందరికీ నొప్పి.

పక్కన ములుగు నుంచి వచ్చిన పెద్దమ్మ. ఆమె భర్తకూ లోపల ఆపరేషనే. మా నాన్నలాగే ఆయన పేరూ రాజయ్యేనట.

నర్సు బయటికొచ్చింది. "రాజయ్యవాళ్లు ఎవలమ్మా? ఆపరేషన్ మంచిగైంది."

ఇద్దరం ఒకేసారి లేచాం.

"ఏ రాజయ్య?" అన్నాను.

"మడికొండ రాజయ్య."

మా ఊరే, మా నాన్నే! పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇగ ఫికర్ చెయ్యకు బిడ్డా" అంటూ సంతోషంతో ఏడ్చింది. తన మనిషి సంగతి ఇంకా తెలియకుండానే.

నాన్నను చూసి తిరిగొచ్చేసరికి ఆమె అక్కడ లేదు. ఆమె భర్త సంగతి ఎవరినడిగినా తెలియదన్నారు.

మా నాన్న బతికాడు. అయినా రాజయ్య ఇంకా లోపలే ఉన్నట్టుంది నాకు.